నాలుగు గదుల తాళాలు

హెడ్మాస్టారికి నడుం పట్టేసిందని కబురొస్తే చాలు, సోషల్ టీచరు చేతిలో పెన్ను దాచేసుకునేది. ఆ నడుం ఊరికే పట్టేయదు. పైనుంచి ఏదో ఒక కాగితం రావాల్సిన రోజు చూసుకుని మరీ పట్టేస్తుంది. ఆయన సెలవు చీటీ పంపుతాడు, సీనియారిటీ ప్రకారం ఆవిడ ఇన్‌చార్జి అవుతుంది, కాగితం వస్తుంది, దాని అడుగున ఆవిడ సంతకం పడుతుంది, మర్నాటికి ఆయన నడుం నిక్షేపంగా ఉంటుంది. మూడు నెలల కిందట అలా పడ్డ సంతకం ఒకటి ఆవిడకు ఇప్పటికీ కంటిమీద కునుకు రానివ్వడం లేదు. 'నాలుగు తరగతి గదులు పూర్తి చేయబడి, పాఠశాలకు అప్పగించబడినవి' అని అచ్చేసి ఉన్న కాగితం అది. గదులు ఉండాల్సిన చోట అప్పుడూ ఇప్పుడూ ఉన్నవి పన్నెండు మొండి స్తంభాలు. వాటిలోంచి పొడుచుకొచ్చిన ఇనుప చువ్వలకు పిల్లలు ఆటల పీరియడులో సంచులు తగిలించుకుంటారు.

గదులు లేవు కాబట్టి ఆవిడ తొమ్మిదో తరగతి వరండాలోనే నడుస్తోంది. ఆ మంగళవారం మధ్యాహ్నం ముప్పై ఎనిమిది మందినీ వరండా మెట్లమీద వరసలుగా కూర్చోబెట్టి, మర్నాటి ప్రయాణానికి తర్ఫీదు ఇస్తోంది. బస్సులో గంట దూరంలో ఉన్న పార్లమెంటు చూడ్డానికి పాసులొచ్చాయి. పంపింది ఆ ప్రాంతం సభ్యుడు. పిల్లల్ని వెంటబెట్టుకు వెళ్ళేది తనేనని హెడ్మాస్టారు సోమవారం ప్రార్థనలో మూడుసార్లు చెప్పుకున్నాడు.

"ఈ మెట్లే గ్యాలరీ అనుకోండి. అక్కడ లేవకూడదు. మాట్లాడకూడదు. నవ్వకూడదు. చప్పట్లు కొట్టకూడదు. రెయిలింగు మీదికి వాలకూడదు. కాలుమీద కాలు వేసుకోకూడదు."

"ఊపిరి పీల్చుకోవచ్చా టీచర్?" అన్నాడు వెనక వరసలోంచి మైకు అనే కుర్రాడు. ఆ గొంతుకి ఆ పేరు ఎప్పుడో స్థిరపడిపోయింది.

"నువ్వు మాత్రం చప్పుడు కాకుండా పీల్చుకో."

ముందు వరసలో ఒక చెయ్యి లేచింది. అది సందేహానిది. ఆ అమ్మాయిని రిజిస్టరులో పేరుతో పిలిచేవాళ్ళు బడిలో లేరు. రోజుకు పది సందేహాలు లేకపోతే ఆ పిల్లకు అన్నం సయించదని మిగతా టీచర్ల వేళాకోళం.

"సభలో ఎవరైనా అబద్ధం చెబితే ఏం చేస్తారు టీచర్?"

"సభలో అబద్ధం చెప్పకూడదు. చెబితే సభను అవమానించినట్టే. అందుకని చెప్పరు" అంది ఆవిడ, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టుగా.

సరిగ్గా అప్పుడే అటెండరు వచ్చాడు. హెడ్మాస్టారికి నడుం పట్టేసిందనీ, రేపు పిల్లల్ని టీచరుగారే తీసుకెళ్ళాలనీ చెప్పాడు.

"అదేంటి, కొత్త బూట్లు కూడా కొనుక్కున్నారు కదా?"

"బూట్లు వేసుకోవాలంటే వంగాలి కదండీ" అన్నాడు అటెండరు, నవ్వకుండా.

రేపు ఏ కాగితమూ వచ్చే పని లేదు. వచ్చినా ఆవిడ బడిలో ఉండదు. మరి ఆ నడుం ఎందుకు పట్టేసినట్టు? ఎంత ఆలోచించినా ఆవిడకు అంతు చిక్కలేదు. అంతు చిక్కకపోవడంతో భయం రెట్టింపయింది.

"టీచర్" అంది సందేహం. చెయ్యి ఇంకా పైనే ఉంది. "అక్కడ మాకు ఏదైనా సందేహం వస్తే?"

"మన క్లాసులో ఎలాగో అక్కడా అలాగే" అంది ఆవిడ పరధ్యానంగా. ఏం అన్నదో ఆవిడకే తెలియదు.

క్లాసులో పద్ధతి ఏమిటంటే, సందేహం వచ్చినవాళ్ళు నోరు మెదపకుండా చెయ్యెత్తాలి. ఎత్తిన చెయ్యి టీచరు 'చెప్పు' అనేదాకా దించకూడదు. మొదట్లో పిల్లలు చెయ్యెత్తి, ఆవిడ తమవైపు చూడగానే తల గోక్కుంటున్నట్టు నటించి దించేసేవాళ్ళు. అది మాన్పించడానికి పెట్టిన నియమం అది. 'దించితే భయపడ్డట్టే లెక్క' అనేది. పిల్లలు భయపడి చేతులు దించకుండా చూడ్డానికి ఆ బడిలో అందరికన్నా పిరికిమనిషే ఆ నియమం పెట్టిందంటే నవ్వొస్తుంది గానీ, పిల్లలు మాత్రం దాన్ని తు.చ. తప్పకుండా పాటించేవాళ్ళు. చెయ్యి నొప్పెడితే రెండో చేత్తో పట్టుకుని నిలబెట్టేవాళ్ళు.

సాయంత్రం ఇంట్లో ఆవిడ మర్నాటి బట్టలు ఇస్త్రీ చేస్తుంటే అత్తగారు పక్కన కూర్చుని బఠానీలు ఒలుస్తోంది. ఇస్త్రీపెట్టె ఒకేచోట ఆగిపోయి, కాలిన వాసన వచ్చింది.

"ఏమైందే అమ్మాయ్? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునేదానిలా ఉన్నావు నెల రోజులుగా."

నెల కాదు, మూడు నెలలు. ఆవిడ ఇస్త్రీపెట్టె నిలబెట్టి, మొట్టమొదటిసారి ఒక మనిషికి ఆ సంగతి చెప్పింది. కాగితం తెచ్చినవాడు బల్లమీద పెట్టి, పెన్ను మూత కూడా తనే తీసి ఇచ్చాడనీ, గదులు లేవు కదా అని తను గొణిగితే 'హెడ్మాస్టారితో మాట్లాడేశాం, మీరు ఊరికే ఇన్‌చార్జి కదమ్మా' అన్నాడనీ చెప్పింది.

అత్తగారు బఠానీ గింజలు చాటలో ఒక పక్కకు సర్దింది.

"ఎవరైనా అడిగారా?"

"ఇంకా లేదు అత్తయ్యా."

"అడగనిదానికి చెప్పుకోవడం ఎందుకు? ఊరుకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు. అడిగిన రోజు చూసుకుందాం." తర్వాత గొంతు తగ్గించి, "అడిగితే ఉద్యోగం పోతుందా?" అంది.

"ఉద్యోగంతో పోతే నయమే. జైలు కూడా అంటారు."

అత్తగారు ఇంకో కాయ తీసుకుంది గానీ ఒలవలేదు. చేతిలో అలాగే పట్టుకుని కూర్చుంది.

పార్లమెంటు గేటు దగ్గర మర్నాడు ఉదయం గంటసేపు పట్టింది. పెన్నులు, కాగితాలు, తిండి డబ్బాలు, ఫోన్లు అన్నీ బుట్టల్లో వేసి టోకెన్లు ఇచ్చారు. తోడుగా వచ్చిన డ్రిల్లు మాస్టారి మెడలోని ఈల కూడా తీసేసుకున్నారు. ఈల లేకపోయేసరికి ఆయన గేటు దాటిన దగ్గర్నుంచీ మెడ తడుముకుంటూనే ఉన్నాడు. ఆవిడ పిల్లల్ని గేటు బయట ఒకసారి, లోపల ఒకసారి, మెట్ల దగ్గర ఒకసారి లెక్కపెట్టింది. మూడుసార్లూ ముప్పై ఎనిమిదే వచ్చింది. అయినా భయం తీరలేదు.

గ్యాలరీ తలుపు పక్కన గోడకు ఒక బోర్డు ఉంది. ఆ రోజు సభలో వచ్చే ప్రశ్నల జాబితా దానికి అంటించి ఉంది. పిల్లలు బూట్లు తుడుచుకుంటుంటే ఆవిడ ఊరికే చదివింది. నాలుగో ప్రశ్న తమ ప్రాంతం సభ్యుడిది. 'బడులలో మంజూరైన గదుల నిర్మాణం ఎంతవరకు వచ్చినది?'

పాసులు ఈ రోజుకే ఎందుకొచ్చాయో, హెడ్మాస్టారి నడుం నిన్ననే ఎందుకు పట్టేసిందో ఆ ఒక్క వాక్యంతో తెలిసిపోయింది. సభ్యుడు తన ప్రశ్న తన ప్రాంతం పిల్లలకు వినిపించాలనుకున్నాడు. ఆ జాబితా హెడ్మాస్టారి చేతికి నిన్న అంది ఉంటుంది.

"మాస్టారూ, నాకు ఒంట్లో బాలేదు. మీరు లోపలికి తీసుకెళ్తారా?" అంది ఆవిడ.

"లిస్టులో సంతకం మీది టీచర్‌గారూ. మీరు లేకపోతే పిల్లల్ని కూడా వెళ్ళనివ్వరట" అన్నాడు డ్రిల్లు మాస్టారు, మెడ తడుముకుంటూ.

మళ్ళీ సంతకమే. ఆవిడ లోపలికి వెళ్ళింది.

గ్యాలరీలో కుర్చీలు మెత్తగా, ఏటవాలుగా ఉన్నాయి. కింద సభ పెద్ద బావి అడుగులా కనిపించింది. పిల్లలు టీవీలో చూసినంత గొప్పగా ఏమీ లేదు. సగం కుర్చీలు ఖాళీ. ఒకాయన ఆవలిస్తున్నాడు. ఒకావిడ చెప్పులోంచి కాలు తీసి మడమ నొక్కుకుంటోంది. మధ్యలో బల్ల దగ్గర ఇద్దరు గుమాస్తాలు తల ఎత్తకుండా రాసుకుపోతున్నారు. ఒకరు లేచి వెళ్ళగానే ఇంకొకరు వచ్చి అదే కుర్చీలో కూర్చుని, అదే వేగంతో రాస్తున్నారు. ఏ మాట అన్నా అక్కడ కాగితం మీదికి ఎక్కిపోతోంది. ఆవిడ చూపు ఆ చేతుల మీదనుంచి కదల్లేదు.

మొదటి మూడు ప్రశ్నలూ అయిపోయాయి. నాలుగోదానికి మంత్రి లేచాడు. కళ్ళజోడు సర్దుకుని, కాగితం దగ్గరగా పెట్టుకుని చదివాడు. మంజూరైన గదులన్నీ పూర్తయ్యాయి అధ్యక్షా అన్నాడు. ఒక్కొక్క బడి పేరూ చదువుతూ వచ్చి, వాళ్ళ బడి పేరు చదివాడు.

"నాలుగు గదులు. పూర్తయ్యాయి. బడికి అప్పగించడం కూడా జరిగింది. హెడ్మాస్టరు సెలవులో ఉండడంవల్ల ఇన్‌చార్జి ఇచ్చిన ధ్రువపత్రం నా దగ్గరుంది."

ఆవిడ తేలు కుట్టిన దొంగలా బిగుసుకుపోయింది. ఆ కాగితం అంత దూరంలో, ఆయన వేళ్ళ మధ్య, తెల్లగా కనిపిస్తోంది. దాని అడుగున ఉన్న సంతకం ఎవరిదో ఆ భవనం మొత్తంలో ఆవిడకొక్కదానికే తెలుసు.

సందేహం చెయ్యి లేచింది.

నిటారుగా, మోచెయ్యి వంగకుండా, నోరు మూసుకుని. దాని పక్క పిల్ల ఒక్క క్షణం ఆలోచించి తనూ ఎత్తింది. ఆపైన మైకు ఎత్తాడు. ఆ తర్వాత లెక్క తెలియలేదు. ముప్పై ఎనిమిది చేతులూ లేచి నిలబడ్డాయి. ఎవరూ కుర్చీలోంచి లేవలేదు, మాట్లాడలేదు, నవ్వలేదు, రెయిలింగు మీద వాలలేదు. చెప్పిన జాగ్రత్తల్లో ఒక్కటీ తప్పలేదు.

ఆవిడ అరచెయ్యి కిందికి ఆడించి దించమని సైగ చేసింది. పిల్లలు ఆవిడ వైపు చూశారు. దించితే భయపడ్డట్టే లెక్క అని చెప్పిన మనిషే దించమంటోందంటే తమని పరీక్షిస్తోందనుకున్నారో ఏమో, చేతులు ఇంకా పైకి చాచారు. 'చెప్పు' అంటే తప్ప దించరు. ఆ మాట ఇక్కడ అనడానికి వీల్లేదు.

గ్యాలరీ జవాను గబగబా వచ్చి ఆవిడ చెవి దగ్గర వంగాడు. "చేతులు దించమనండమ్మా."

"దించరండీ" అంది ఆవిడ. ఏడుపొక్కటే తక్కువ.

అతను జేబులోంచి గ్యాలరీ నియమాల కార్డు తీసి పైనుంచి కిందికి చదివాడు. చేతుల గురించి అందులో ఏమీ లేదు. ఏం చెయ్యాలో తెలియక కార్డు పట్టుకుని అక్కడే నిలబడ్డాడు.

కింద ముందుగా చూసింది ప్రశ్న వేసిన సభ్యుడే. ఆయన పైకి చూపించాడు. ఆవలిస్తున్నాయన నోరు మూసి పైకి చూశాడు. ఒకరి తర్వాత ఒకరు అందరూ తలలెత్తారు. "ఆ పిల్లలు ఆ బడివాళ్ళే అధ్యక్షా, వాళ్ళనే అడగండి" అని సభ్యుడు అన్నాడు. దాంతో ఇటునుంచి అరుపులు, అటునుంచి అరుపులు. మంత్రి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. సభాపతి సుత్తి కొట్టి, గ్యాలరీ ఖాళీ చేయించమన్నాడు.

చేతులు పైకెత్తుకునే పిల్లలు బయటికి నడిచారు.

వాళ్ళని ఒక పొడుగాటి గదిలోకి తీసుకెళ్ళారు. గోడలకు ఏమీ లేవు. ఒక బల్ల, దానిమీద ఫోను, వెనక కుర్చీలో భద్రతాధికారి. ఆయన గట్టిగా ఒక్క కేక వేసేసరికి చేతులన్నీ దిగిపోయాయి. ఇద్దరు పిల్లలు ఏడుపు మొదలెట్టారు. డ్రిల్లు మాస్టారు ఏదో చెప్పబోతే ఆయన్ని గోడవారగా కూర్చోమన్నాడు అధికారి.

"ఎవరు నేర్పారమ్మా ఇది? పాసులిచ్చిన సభ్యుడేనా?"

"కాదండీ. మా క్లాసులో పద్ధతి."

"నాకు ముప్పై ఏళ్ళ సర్వీసు. పద్ధతి అని చెబితే నమ్మమంటారా?" ఆయన ఒక తెల్లకాగితం, పెన్ను ఆవిడ ముందుకు తోశాడు. "మంత్రిగారు చెప్పింది నిజమే, పిల్లలు తెలియక అల్లరి చేశారు అని రాయండి. ముందుగా చెయ్యెత్తింది ఎవరో పేరు రాయండి. మిగతావాళ్ళని పంపించేస్తాను."

బల్లమీద ఫోను మోగింది. అధికారి ఎత్తి, విని, "మంత్రిగారి ఆఫీసు మీవాళ్ళని కలిపిందమ్మా" అంటూ రిసీవరు ఆవిడకు అందించాడు. హెడ్మాస్టారు.

"టీవీలో చూశాను టీచర్‌గారూ. నడుం నొప్పి కూడా మర్చిపోయాను. వాళ్ళు రాయమన్నది రాసెయ్యండి. ఆ సందేహం పిల్ల పేరు రాస్తే సరిపోతుంది, టీసీ ఇచ్చి పంపించేద్దాం. వాళ్ళ అమ్మానాన్నా అడగడానికి వచ్చే రకం కాదు." ఆయన కాస్త ఆగి, మెత్తగా, "ఆ ధ్రువపత్రం మీద ఉన్నది నా సంతకం కాదు కదమ్మా. మీ మంచికే చెబుతున్నా" అన్నాడు.

ఆవిడ రిసీవరు పెట్టేసి పెన్ను పట్టుకుంది. ఒక పేరు రాస్తే చాలు. ఇంటికి వెళ్ళిపోవచ్చు. అత్తగారు చెప్పినట్టు అడిగిన రోజు చూసుకోవచ్చు. అంతా అంత తేలిగ్గా ఉన్నందుకు ఆవిడకు ఇంకా భయం వేసింది. తల ఎత్తితే ఎదురుగా సందేహం నిలబడి ఉంది. ఆ పిల్ల కూడా వణుకుతోంది. వణుకుతూనే, మోచెయ్యి వంగకుండా, చెయ్యి మళ్ళీ పైకెత్తింది.

అధికారి ఏదో అనబోయాడు.

"చెప్పు" అంది టీచరు.

చెయ్యి దిగింది. "గదులు మనకి అప్పగించారని చెప్పారు కదా టీచర్. తాళాలు ఎవరి దగ్గరున్నాయి?"

ఆవిడకు అర్థం కాలేదు. "ఏ తాళాలు?"

"ఆ గదులవి. సభలో అబద్ధం చెప్పరని మీరే చెప్పారు కదా. అంటే గదులు ఉండే ఉంటాయి. మనకే చూపించలేదు. తాళాలు ఇస్తే మేమే ఊడ్చుకుంటాం టీచర్. వానొస్తే వరండాలో పుస్తకాలు తడిసిపోతున్నాయి."

"స్తంభాల వెనక గోడ ఉంది కదా టీచర్, దాని అవతల ఉన్నాయేమోనని నేను అడుగుదామనుకున్నా" అన్నాడు మైకు. జీవితంలో మొదటిసారి చిన్న గొంతుతో.

"నేనూ తాళాల గురించే" అంది ఇంకో పిల్ల. చాలా తలలు ఊగాయి. ఒక కుర్రాడు మాత్రం తనది బాత్రూం గురించి అన్నాడు.

ఇంతసేపూ ఆవిడ అనుకున్నది వేరు. పిల్లలు తన దొంగతనం పట్టేశారనుకుంది. ముప్పై ఎనిమిది వేళ్ళూ తననే చూపిస్తున్నాయనుకుంది. వాళ్ళు పట్టుకున్నది ఏమీ లేదు. కళ్ళెదురుగా రోజూ కనిపించే మొండి స్తంభాలకన్నా తను చెప్పిన పాఠాన్నే ఎక్కువ నమ్మారు. సిగ్గుతో ఆవిడ ఒళ్ళంతా మండిపోయింది. పట్టుబడి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు.

"తాళాలు లేవు" అంది ఆవిడ. "గదులు లేవు. కట్టలేదు. కట్టారని నేను సంతకం చేశాను. చెయ్యకపోతే ఏమంటారోనని భయపడి చేశాను."

డ్రిల్లు మాస్టారు మెడమీద చెయ్యి అలాగే ఉంచుకుని నేల చూస్తున్నాడు. సందేహం ఆవిడ మొహంలోకి చాలాసేపు చూసింది. ఆ చూపు ఆవిడకు భరించడం కష్టమయింది. తను చెప్పినది క్లాసు నమ్ముతుందా అని ఆవిడకు ఎన్నడూ అనుమానం రాలేదు. ఇప్పుడు వచ్చింది.

ఆవిడ కాగితం దగ్గరికి లాక్కుని రాసింది. గదులు కట్టలేదని, స్తంభాలు పన్నెండు ఉన్నాయని, ధ్రువపత్రం అబద్ధమని, అది ఇచ్చింది తనేనని, పిల్లలకు చెయ్యెత్తడం నేర్పింది కూడా తనేనని రాసింది. ఎవరి పేరూ రాయలేదు. అడుగున సంతకం పెట్టింది. అక్షరాలు పైకీ కిందికీ పోయాయి.

అధికారి కాగితం రెండుసార్లు చదివాడు. చదివి, ఆవిడ ముందే బల్లమీద పెట్టాడు.

"నాకూ పిల్లలున్నారమ్మా" అన్నాడు. గొంతులో ఇందాకటి కరుకుదనం లేదు. "ఇది నా ఫైల్లోకి వెళ్తే మళ్ళీ వెనక్కి తీసుకోలేరు. నేను వెళ్ళి మంచినీళ్ళు తాగి వస్తాను. ఐదు నిమిషాలు పడుతుంది. వచ్చేసరికి ఇక్కడ కాగితం ఉంటే తీసుకుంటాను. లేకపోతే మీరేమీ రాయలేదు, నేనేమీ చదవలేదు. పిల్లల్ని ఊరికే మందలించి పంపించేస్తాను. పేరు కూడా అక్కర్లేదు."

తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయాడు.

పాము చావకుండా, కర్ర విరగకుండా దారి దొరికింది. నిజం పిల్లలకు చెప్పేసింది, సందేహం పేరు రాయక్కర్లేదు, జైలూ అక్కర్లేదు. ఆవిడ చెయ్యి కాగితం మీదికి వెళ్ళింది. చించితే చప్పుడవుతుందేమో, మడిచి సంచిలో పెట్టుకుంటే చాలేమో అని కూడా ఆలోచించింది. బయట ఎవరో నడిచి వెళ్ళిన బూట్ల చప్పుడుకు ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకుంది, మళ్ళీ చాచింది.

సందేహం బల్ల దగ్గరికి వచ్చి, మునివేళ్ళమీద లేచి, కాగితం వైపు వంగింది. ఆవిడ రాసినదంతా పెదాలు కదుపుతూ చివరిదాకా చదివింది. ఈసారి చెయ్యెత్తలేదు.

"తేదీ వెయ్యలేదు టీచర్" అంది. "తేదీ లేకపోతే చెల్లదు కదా."

ఆవిడ ఆ పిల్ల వైపు చూసింది. వెక్కిరింత ఏమీ లేదు. తన నోట్సు తను దిద్దుకున్నట్టే చెప్పింది. పెన్ను బల్ల అంచు దగ్గరికి దొర్లిపోతే తీసి అందించింది కూడా.

తలుపు అవతల అడుగులు దగ్గరికి వస్తున్నాయి. ఆవిడ కాగితం తనవైపు తిప్పుకుని, సంతకం కింద తేదీ వేసింది. అంకెలు వంకరగానే పడ్డాయి.